అదే కిటికీ, అదే వెలుతురు

గోథెన్‌బర్గ్‌లో నవంబరు మధ్యాహ్నం. ఫొటోగ్రాఫర్ స్టెల్లన్ స్టూడియోకి చాలా ఏళ్ల తర్వాత మారిటా వచ్చింది. చనిపోయిన అతని భార్య హిల్లెవికి ఆమె చెల్లెలు.

"కూర్చోను బావా. కూర్చోడానికి రాలేదు. ఆ బొమ్మ తీయించెయ్యమని చెప్పడానికొచ్చాను."

"ఏ బొమ్మ?"

"ఊరంతా అంటించి ఏ బొమ్మ అంటావేంటి? నేను నడిపే ట్రామ్ ఆగే ప్రతి స్టాపులోనూ అక్క ముఖమే. తలుపులు తెరుస్తాను, అక్క. మూస్తాను, అక్క. పొద్దున షిఫ్టులో ఇంకా చీకటిగా ఉంటుంది కదా, అద్దాల పెట్టెలో లైటేసి మరీ పెట్టారు."

"ఓ, పోస్టరా. అది నేను అంటించింది కాదు, ఫొటో సంఘం వాళ్లు అంటించారు. గురువారం వాళ్ల హాల్లో నా ఉపన్యాసం ఉంది. నీకూ పిలుపు పంపాను. తడిసి ముద్దయ్యావు, ముందా కోటు ఇలా ఇవ్వు."

"ఒంటి మీదే ఆరుతుంది. ఆ ముఖం కింద ఏం రాశారో చదివి వినిపించు."

"నీకు తెలుసుగా."

"నీ నోటితో విందామని."

"'తేడా కనబడుతుందా?' అని."

"తేడా కనబడుతుందా. అక్క ముఖం కింద. మా డిపోలో బెన్నీ అని ఒకడున్నాడు. ఇది ముడతలు పోయే క్రీము ప్రకటనా అని అడిగాడు నన్ను. ఆవిడ మా అక్క అని వాడికి తెలీదు. నేనూ చెప్పలేదు."

"క్రీము ఏంటి... అది కెమెరాల గురించి మారిటా. ఖరీదైన కెమెరా నిజంగా మంచి ఫొటో ఇస్తుందా, చూసేవాళ్లకి ఆ తేడా తెలుస్తుందా, లేకపోతే అంతా మన భ్రమేనా అని. దాని మీద ఉపన్యాసం. ఉండు, కాఫీ పెడతాను. ఏలకుల బన్నులు కూడా ఉన్నాయి."

"నీ కాఫీ సంగతి నాకు తెలుసు. 'మా ఆయన కాఫీలోంచి కప్పు అడుగున పువ్వు కనబడుతుంది' అనేది అక్క."

"ఇప్పుడు చిక్కగానే పెడుతున్నాను. అనేవాళ్లు పోయాక నేర్చుకున్నాను."

"సరే, పెట్టు. తాగుతూ చెబుతాను. గురువారం లోపల ఆ పోస్టర్లు తీయించు."

"గురువారం అయిపోతే అవే పోతాయి."

"లోపల అన్నాను."

"అది నా ఒక్కడి చేతిలో లేదు. అసలు నీకెందుకింత కోపం? అది మంచి ఫొటో. నేను జీవితంలో తీసినవాటిల్లోకల్లా అదే మంచిది. స్టాక్‌హోమ్ ప్రదర్శనలో గోడకి పెట్టారు, బహుమతి ఇచ్చారు. నిన్ను పిలిచాను, రాలేదు."

"రాలేదు. ఆ పిలుపు మీద కూడా అదే ఫొటో."

"మరి ఏ ఫొటో పెట్టమంటావు? చూడు, మొదట్నించీ చెబితే గానీ నీకు అర్థం కాదు. మొన్న ఏప్రిల్లో సంఘంలో ఒక పరీక్ష పెట్టారు. గోడకి ఫొటోలు జతలు జతలుగా తగిలించారు. జతలో ఒకటి పెద్ద కెమెరాతో తీసింది, ఇంకోటి ఫోన్‌తోనో పాత చిన్న కెమెరాతోనో తీసింది. ఏది ఏదో రాయలేదు. చూసి చెప్పాలి. ఇది పిల్లలాట, చూడగానే తెలిసిపోతుంది అన్నాను నేను. మా అధ్యక్షుడు రూనె ఉన్నాడే, అయితే మొదట మీరే చెప్పండి అన్నాడు. చెప్పాను."

"తప్పు చెప్పావు."

"నీకెవరన్నారు?"

"నీ ముఖం."

"ఒకటో రెండో అయితే పోనీలే అనుకోవచ్చు. సగానికి సగం తప్పు. కళ్లు మూసుకుని చెప్పినా అంతే వచ్చేది. చివర్లో పడవల ఫొటో ఒకటి ఉంది. ఆ నీళ్ల మీద తళుకు, ఆ తాళ్ల పురి... ఇది పెద్ద కెమెరా తప్ప ఇంకేదీ ఇవ్వలేదు అని అందరికీ పాఠం చెప్పాను. తీరా చూస్తే రూనె కూతురు ఫోన్‌తో తీసిందట. బస్సులోంచి."

"బస్సులోంచా?"

"నవ్వు. వాళ్లూ నవ్వారు. నా దగ్గర కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు."

"నవ్వట్లేదు బావా. బస్సులోంచి అంటే నిజంగా ఆశ్చర్యమేసింది. మా ట్రామ్‌లోంచి ఎవరు తీసినా స్తంభాలు అడ్డమొస్తాయి."

"ఇంటికొచ్చి ఆలోచించాను. తప్పు నా కంటిది కాదు, పరీక్షది. వాళ్లు పెట్టినవన్నీ చిన్న కాగితాలు. పట్టపగలు తీసినవి. ఎండలో ఏదైనా బాగానే తీస్తుంది, దానికి పెద్ద కెమెరా ఎందుకు? అరచేతిలో పెట్టుకు చూస్తే అన్నీ ఒకటే. తేడా ఎక్కడుంటుందో తెలుసా? వెలుతురు చాలనప్పుడు. ముఖం సగం నీడలో ఉన్నప్పుడు. ఆ ఫొటోని గోడంత చేసినప్పుడు. అప్పుడు నిలబడాలి ఫోను."

"దానికి అక్క కావలసొచ్చింది."

"అలా అనకు."

"ఎలా అనమంటావు?"

"అదే కిటికీ. అదే వెలుతురు. అదే మనిషి. మధ్యలో గంట తేడా. నీ ఫోన్‌తో నువ్వు తీసింది ఒకటుంది, నా కెమెరాతో నేను తీసింది ఒకటుంది. కెమెరా తప్ప ఇంకేదీ మారలేదు. అలాంటి జత కావాలని ఎంత వెతికినా ఎవరికీ దొరకదు. నాకు దొరికింది."

"దొరికింది."

"మాట జారింది."

"లేదులే. నీకు ఏమనిపిస్తుందో నువ్వెప్పుడూ అదే అంటావు."

"ఎన్ని మెసేజీలు పెట్టాను నీకు. చదువుతావు, జవాబివ్వవు. ఒక్క ఫొటో మారిటా. పంపితే పోయేదానికి ఇంత దూరం వచ్చి పోట్లాడతావు."

"పంపను."

"ఎందుకు?"

"అది నాది."

"ఆవిడ నా భార్య."

"మా అక్క. నీకంటే ముందునుంచీ."

"సరే, సరే. పంపకు. ముందు ఇది చూడు. గురువారానికి పెద్దది చేయించాను, నిన్ననే వచ్చింది. అటు తిరుగు. లైటు వేస్తాను... ఏమైంది?"

"ఏం లేదు. ఇంత పెద్దదనుకోలేదు. మనిషి కంటే పెద్దది."

"దగ్గరికి రా. ఇంకా రా, ముక్కు ఆనేంత దగ్గరికి. కనుబొమ్మ చూడు, ఏ వెంట్రుకకి ఆ వెంట్రుకే. పెదవి మీద పగులు చూడు. ఈ దుప్పటి నేత చూడు. ఇక్కడ మెడ మీద నరం కనబడుతోందా? నీడలో ఉంది, అయినా ఉంది. ఫోన్ అయితే దీన్నంతా కలిపేసి నల్లటి ముద్ద చేస్తుంది. చర్మాన్ని మైనం చేస్తుంది."

"కనబడుతోంది నరం."

"ఎక్కడ మాట్లాడినా నేను ఇక్కడే ఆగుతాను. ఇందులో ప్రాణం కొట్టుకుంటోంది చూడండి అంటాను. హాలంతా నిశ్శబ్దమైపోతుంది. మాల్మోలో ఒకావిడ ఏడ్చేసింది."

"ప్రాణం కొట్టుకుంటోందని చెబుతావా?"

"అవును. ఎందుకలా చూస్తావు?"

"ఏం లేదు. ఈ వేలి గోరు పక్కన చూడు, చాక్లెట్. ఆ పొద్దున నేనే పెట్టాను. ఇంత ముక్క చాలంది, దాన్నే చాలాసేపు చప్పరించింది. తుడవడం మర్చిపోయాను. నా ఫోన్‌లో ఇది కనబడదు, నిజమే."

"చూశావా మరి?"

"చూశాను. నువ్వే గెలిచావు. పెద్ద కెమెరా బాగా తీస్తుంది. ఇక పోస్టర్లు తీయించు."

"ఇదొక్కటే పెడితే ఎవరూ ఒప్పుకోరు. ఫోన్‌తో తీసినా ఇలాగే వచ్చేదేమో అంటారు. పక్కన రెండోది ఉండాలి. రెండూ ఇదే కొలతలో. అప్పుడు రూనె ముఖం చూడాలి నేను."

"రూనె ముఖం కోసం."

"అతనొక్కడి కోసం కాదు. నేను బతుకంతా చేసిన పని కోసం. కళ్లుండి చూడలేనివాళ్లు పెరిగిపోయారు మారిటా. పెళ్లికి ఫొటోగ్రాఫర్ ఎందుకు, అందరి దగ్గరా ఫోన్లున్నాయిగా అంటున్నారు. మంచీ చెడ్డా ఒకటే అయిపోతే ఇంక నేనెందుకు?"

"నీ పని చెడ్డదని నేనెప్పుడూ అనలేదు."

"అనవు. ముఖం పెడతావు. మీ అక్కచెల్లెళ్లిద్దరికీ అదొక విద్య."

"ముఖం పెట్టక ఏం చెయ్యాలి? అక్క యాభయ్యో పుట్టినరోజు గుర్తుందా? వెలుతురు కుదరలేదని కొవ్వొత్తులు మళ్లీ వెలిగించి, మళ్లీ ఊదించి, మళ్లీ వెలిగించి... కేకు మీద మైనం కారి ఎవరూ తినలేదు."

"ఆ ఫొటో మీ ఇంట్లో హాల్లోనే పెట్టుకున్నావుగా."

"పెట్టుకున్నాను. చాలా బాగుంది. అక్క విసుగు కూడా ఎంత స్పష్టంగా వచ్చిందో. నా ఫోన్ అయితే పాపం దాన్నీ ముద్ద చేసి దాచిపెట్టేది."

"నీకు వెటకారం ఎక్కువ."

"ఈ కెమెరా కొన్న ఏడాది అక్క ఇటలీ వెళ్దామంది. టిక్కెట్లు కూడా చూసి పెట్టుకుంది. కెమెరా ఇంటికొచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పెట్టె తనే విప్పింది. అట్టలన్నీ తీసి పక్కన పెట్టి, ఇదేనా ఇటలీ అంది. నువ్వు నవ్వావు. ఇటలీ కంటే బాగుంటుంది అన్నావు."

"సరదాకి అన్నాను. తనూ నవ్వింది."

"నవ్వింది. నవ్వక?"

"ఆవిడకి నా ఫొటోలంటే ఇష్టం. నీకు తెలీదు. బడిలో పిల్లలకి ఈత నేర్పి ఇంటికొచ్చేది, తడి జుట్టుతోనే నా వెనక నిలబడి తెర వైపు చూసేది. ఇది బాగుంది, ఇది తీసెయ్ అని చెప్పేది. తను బాగుందన్నదే నేను బయటికి పంపేవాణ్ని."

"ఇది ఎవరు బాగుందన్నారు మరి?"

"ఏది?"

"ఈ గోడ మీదిది."

"అడగడానికి తను లేదుగా."

"అవును. కాఫీ బాగుంది బావా. నిజంగానే నేర్చుకున్నావు."

"ఒకటి అడగనా? నీ ఫోన్‌లో ఉన్న ఆ ఫొటో, ఎప్పుడన్నా తీసి చూస్తావా?"

"రోజూ."

"రోజూనా?"

"ట్రామ్ చివరి స్టాపులో కాసేపు ఆగుతుంది కదా, సముద్రం దగ్గర. అందరూ దిగిపోయి పడవ ఎక్కుతారు. అప్పుడు చూస్తాను."

"ఏం కనబడుతుంది అందులో? పసుపు రంగు. పెదవుల దగ్గర మసక. కళ్ల కింద గరుకు. నేను ఆ రోజు చూశానుగా."

"కనబడక్కర్లేదు. అక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు తీసినదాంట్లో చూడ్డానికి చాలా ఉంది బావా. నాదాంట్లో చూడ్డానికి ఏం లేదు, గుర్తుకు రావడానికే ఉంది."

"అది ఫొటో గొప్ప కాదు, నీ జ్ఞాపకం గొప్ప. ముక్కూ ముఖం తెలియనివాడికి చూపించు, ఎవరో జబ్బుపడ్డావిడ అంటాడు, పక్కకి జరిపేస్తాడు. ఇది చూపించు, ఆగిపోతాడు. తెలియనివాణ్ని ఆపేదే మంచి ఫొటో. అదీ నేను చెప్పేది."

"తెలియనివాళ్లకి చూపించాలని నాకేం లేదే."

"ఆ రోజే అన్నాను, అది చెత్త అని."

"అన్నావు. అక్క వింటుండగా."

"ఫొటోని అన్నాను, మనిషిని కాదు. ఎలాంటి వెలుతురు అది. అక్టోబరు చివర, సాయంత్రం, ఆసుపత్రి కిటికీ అవతల ఆపిల్ చెట్టు మీంచి వచ్చి దుప్పటి మీద పడుతోంది. గంటో గంటన్నరో ఉంటుంది, అంతే. దాన్ని ఫోన్‌తో పాడుచేస్తే నా ప్రాణం ఒప్పుతుందా?"

"ఆ రోజు అక్క నిన్ను ఏం అడిగిందో గుర్తుందా?"

"ఏం అడిగింది?"

"అన్నాళ్లకి కాస్త నెమ్మదించింది. నర్సు తల దువ్వి వెళ్లింది. జుట్టు అప్పుడప్పుడే ఇంతింత వస్తోంది. ఎలా ఉన్నాను స్టెల్లన్ అని అడిగింది. నువ్వు తల తిప్పి కిటికీ వైపు చూశావు. వెలుతురు బాగుంది అన్నావు."

"అంటే బాగున్నావనే. ఆవిడకి నా భాష తెలుసు."

"తెలుసు. లేచి కోటు తొడుక్కున్నావు. స్టూడియోకి వెళ్లి కెమెరా తెస్తానన్నావు. ఎందుకు బావా, ఉండు నేనే తీస్తాను అని ఫోన్ తీశాను. తీసి చూపించాను. చెత్త అన్నావు, వెళ్లిపోయావు. ఇప్పుడు చెప్పు, పెదవుల దగ్గర మసక ఎందుకొచ్చింది?"

"కదిలాయి కాబట్టి. ఫోన్ తక్కువ వెలుతురులో నెమ్మదిగా తీస్తుంది. కదిలితే అలికేస్తుంది."

"ఎందుకు కదిలాయి?"

"ఏదో మాట్లాడుతోందేమో."

"ఎవరితో?"

"నీతో. తీసేది నువ్వేగా."

"నాతో అయితే నావైపు చూసేది. తలుపు వైపు చూస్తోంది. కూర్చో అంటోంది నిన్ను. కెమెరా వద్దు, కాసేపు కూర్చో అంటోంది. ఆ 'కూర్చో' దగ్గర మసకయింది."

"నాకు వినబడలేదు."

"అక్క గొంతు అప్పటికి అంతే ఉంది. కానీ నేను విన్నాను."

"గంటలో వచ్చేస్తానన్నాను. వచ్చాను. వంతెన మీద బళ్లన్నీ ఆగిపోయాయి, అయినా వచ్చాను. వెలుతురు ఇంకా ఉంది. ఏదో పారిపోయినవాడి గురించి చెప్పినట్టు చెబుతావేంటి?"

"వచ్చావు. రాలేదనలేదు."

"సరే. నువ్వు ఇన్ని మాటలన్నావు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఇన్నేళ్లు అడగలేదు."

"అడుగు."

"నేను ట్రైపాడ్ పెట్టి తీస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి నీ చేతిలో ఉంది. నీ వేళ్లు కూడా ఫొటోలో పడ్డాయి. అంచు కత్తిరించాను."

"కత్తిరించావా? ఓహో. అదీ సంగతి. ఎక్కడున్నాయి నా వేళ్లు అని చూస్తున్నాను ఇందాకట్నించీ."

"మాట మార్చకు. ఒకటి తర్వాత ఒకటి తీస్తూ పోయాను. ఆ మధ్యలో ఎక్కడో ఆవిడ ఊపిరి ఆగింది. నేను కెమెరా వెనక ఉన్నాను, నాకు తెలీలేదు. చెయ్యి పట్టుకున్నదానివి, నీకు తెలియకుండా ఉండదు. నువ్వు ఆపలేదు. అంతా అయ్యాక, నేను లెన్సుకి మూత పెట్టాక, ఇక నర్సుని పిలువు బావా అన్నావు. ఎంత తాపీగా అన్నావో."

"ఇదా ఇన్నేళ్లు మోస్తున్నది?"

"ఇదే. అందుకే క్రిస్మస్‌కి మీ ఇంటికి రావడం మానేశాను. అందుకే ఫోన్ చెయ్యలేదు. ఒక్క మాట అనుంటే కెమెరా అక్కడే వదిలేసి వచ్చేవాణ్ని కదా. ఆఖరి క్షణంలో తన పక్కన ఉండేవాణ్ని. నన్ను ఉండనివ్వలేదు నువ్వు."

"కెమెరా వదిలేసి వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ని."

"సరే."

"సరే అని ఊరుకోకు. ఏ ఫొటో తీస్తుండగా పోయిందో నీకు తెలుసు. నాకది కావాలి. పోస్టర్లు తీయించేస్తాను. రూనెతో ఇప్పుడే మాట్లాడతాను, ఉపన్యాసం కూడా మానేస్తాను. అదొక్కటి చెప్పు."

"అది తెలుసుకుని ఏం చేస్తావు?"

"నేనేం చేస్తుంటానో ఎవరికీ చెప్పలేదు. నవ్వకు. ఆ రోజు తీసిన ఫొటోలన్నీ వరసగా తెర మీద పెట్టుకుంటాను. ఒక్కోదాన్ని ఎంత పెద్దది చెయ్యొచ్చో అంత పెద్దది చేస్తాను. ముక్కు చూస్తాను. మెడ నరం చూస్తాను. దుప్పటి మడత చూస్తాను. ఊపిరి ఉంటే ఆ మడత కాస్తయినా లేవాలి కదా? లేచిన ఫొటోకీ లేవని ఫొటోకీ మధ్య ఉంటుంది ఆ క్షణం. ఇంతకంటే బాగా చూసే కెమెరా ఎవరూ చెయ్యలేదు. వెంట్రుకవాసి కదిలినా పట్టేస్తుంది. అయినా దొరకదు. మొదటి దానికీ చివరి దానికీ ఏ తేడా లేదు. నాకు కనబడట్లేదు మారిటా. ఏప్రిల్లో వాళ్లంతా నవ్వినప్పుడు నాకు సిగ్గెయ్యలేదు, భయమేసింది. నా కన్నన్నా పోయి ఉండాలి, ఈ కెమెరా అన్నా పనికిరానిదై ఉండాలి. రెండిట్లో ఒకటి."

"రెండూ కాదు."

"మరి?"

"వద్దులే బావా. వర్షం తగ్గినట్టుంది. నేను డిపోకి వెళ్లాలి."

"రెండూ కాదంటే ఏంటి?"

"నీ కన్ను బాగుంది. కెమెరా కూడా బాగుంది. ఉన్నది ఉన్నట్టే తీసింది."

"తిన్నగా చెప్పు. ఏ ఫొటో దగ్గర?"

"ఏ ఫొటో దగ్గరా కాదు."

"అంటే చివరిదాకా ఉందా? నేను మూత పెట్టాక పోయిందా? అలా అయితే..."

"కాదు బావా."

"మరి ఎప్పుడు?"

"నువ్వు వంతెన మీద ఉన్నప్పుడు."

"అబద్ధం."

"నాకు అబద్ధమాడే ఓపిక లేదు. చెప్పకుండా పోదామనే వచ్చాను. నువ్వు ప్రాణం కొట్టుకుంటోంది అంటూ ఊళ్లు తిరుగుతుంటే, సరేలే, తిరగనీ అనుకున్నాను. రోజూ ఆ మడతలు వెతుక్కుంటున్నావని నాకు తెలీదు."

"నేను చూశాను. నిద్రపోతోంది. ముఖం ఎంత ప్రశాంతంగా ఉంది."

"ఉంది."

"నువ్వే కదా అన్నావు. నేను తలుపు తీయగానే వేలు పెదవి మీద పెట్టుకుని, నిద్రపోతోంది బావా, మెల్లగా అన్నావు. అందుకే నేను దగ్గరికి రాలేదు. తనని ముట్టుకోలేదు. లేస్తుందేమోనని బూట్లు కూడా బయటే విప్పాను."

"అన్నాను."

"ఎందుకన్నావు? పోయిందని ఒక్క మాట చెప్పకుండా నన్ను అక్కడ నిలబెట్టి ఫొటోలు తీయించావా? ఎలా మనసొప్పింది నీకు?"

"ఆ మాట నాది కాదు బావా. నువ్వెళ్లాక తలుపు వైపే చూస్తూ పడుకుంది. నీకు ఫోన్ చేస్తానంటే వద్దంది. ఇక ఉండనని తనకి తెలిసిపోయింది. నా చెయ్యి పట్టుకుని, 'ఆయనొస్తే నిద్రపోతున్నానని చెప్పు. మెలకువగా ఉన్నన్నాళ్లూ నా ముఖం చూడ్డానికి తీరిక దొరకలేదు, ఇప్పుడన్నా తీరిగ్గా చూసుకోనీ' అని చెప్పి మరీ పోయింది."